బోర్డు లేని దృశ్యం

శనివారం, మధ్యాహ్నం

పిచ్చుకకు మామయ్య ఆశీస్సులు.

నిన్న ఉదయం తొమ్మిదింటికి మీ నాన్నను డ్యూటీ నుంచి తప్పించి ఇంటికి పంపేశారు. కారణం నేను చేసిన వార్త. అందరూ కులాసాయేనా అని అడిగే ముఖం లేదు కనుక నేరుగా విషయంలోకి వస్తున్నాను.

నీ మెసేజీలో రెండు ప్రశ్నలున్నాయి. డ్యూటీలో నిద్రపోయే డ్రైవర్ల మీద వార్త చేస్తే, అందులోకి డ్యూటీలో లేని నాన్న ఎలా వచ్చాడన్నది మొదటిది. నీ ఫోనులో ఉన్న అసలు వీడియోలో బస్సు ముందద్దం పైన 'సర్వీసులో లేదు' అన్న బోర్డు ఉంటే, టీవీలో ఎందుకు లేదన్నది రెండోది. ఆ బోర్డు మీరే తర్వాత అతికించారని డిపో మేనేజరు అంటున్నాడనీ, ఇంట్లో ఎడిటింగ్ నేర్చుకుంటున్న పిల్ల ఉండగా బోర్డులకేం కొదవ అని నవ్వాడనీ రాశావు. విచారణలో చూపించడానికి జరిగింది రాసిమ్మన్నావు. నీకు పని తెలుసు కాబట్టి పని వరసలోనే చెబుతాను.

ఆదివారం నేను డిపోకి వెళ్లేసరికి మీ నాన్న భోజనం చేసి, ఆపి ఉన్న బస్సులో స్టీరింగు మీద చెయ్యి వాల్చి కునుకు తీస్తున్నాడు. మీ అమ్మకు చూపించి నవ్వుకుందామని ఆఫీసు కెమెరాతో తీశాను. నీకూ పంపాను. ఆ క్లిప్పును నా కంప్యూటరులోకి ఎక్కించి కెమెరాలోని మెమరీ కార్డు చెరిపేశాను. చెరిపితే మా కెమెరా మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెడుతుంది.

బుధవారం వార్త కోసం తీసిన షాట్లకూ అవే నంబర్లు పడ్డాయి. వాటిలో ఒకటి, ప్రయాణికులు ఎక్కి కూర్చున్న బస్సులో తల వాల్చేసిన ఒక డ్రైవరు. అతను మీ నాన్న కాదు. నేను తొందరలో ఫైళ్లు కంప్యూటరులోకి ఎక్కించకుండా, కార్డు మీంచే నేరుగా ఎడిట్ చేయడం మొదలుపెట్టాను. మధ్యలో మా కెమెరామన్ వచ్చి, అన్నా కార్డేదీ, అవతల వాళ్లు బయల్దేరుతున్నారు అంటే తీసి ఇచ్చేశాను. అతను చెరిపి వాడుకున్నాడు. తిరిగి చూసేసరికి షాట్లన్నీ ఎర్రబడ్డాయి. ఫైలు దొరకలేదని తెర మీద రాసి ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరునే వెతకమన్నాను. అది డిస్కంతా వెతికి, ఆ డ్రైవరు షాటు నంబరే ఉన్న ఆదివారం క్లిప్పును తెచ్చి ఆ చోట పెట్టేసింది. దానికి మనుషులు తెలియరు, పేర్లే తెలుసు. నేను గమనించలేదు. వార్త వెళ్లిపోయింది.

సీటు మీద మీ అమ్మ కుట్టిన గళ్ల గుడ్డ చూసి డిపోలో గుర్తుపట్టారట.

నీకు పనికొచ్చే ముక్క ఒకటి రాయనీ. కార్డు మీద ఎప్పుడూ ఎడిట్ చేయకు. ముందు మొత్తం కంప్యూటరులోకి ఎక్కించు, తేదీ వేసిన ఫోల్డరులో పెట్టు, ఒకటి రెండు ఫైళ్లు తెరిచి ఆడుతున్నాయో లేదో చూశాకే కార్డు చెరుపు. ఫైలు పేరుకు ముందు పని పేరు తగిలించు. తెగిపోయిన లింకును మళ్లీ కలిపేటప్పుడు పేరొక్కటే నమ్మక, నిడివీ తేదీ కూడా సరిచూడు. అంతా అయ్యాక బయటికొచ్చిన ఫైలును మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడు. ఇవి కొత్తగా చేరినవాళ్లకు నేను నూరిపోసే మాటలే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నా మాట నేనే వినలేదు.

నిన్న సాయంత్రం మీ ఇంటికి వెళ్లాను. నువ్వు లోపలి గదిలోంచి రాలేదు. మీ అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, ఊళ్లోవాళ్ల నిద్ర చాలలేదా తమ్ముడూ, ఇంట్లోవాళ్లదీ అమ్ముకున్నావు అంది. తోడబుట్టినవాడివని తలుపు తీశాను కానీ రిపోర్టరువని తీయలేదు అని కూడా అంది. మీ నాన్న తిట్టలేదు. కూర్చోబెట్టి, గురక ఎందుకు తీసేశావోయ్ బావమరిదీ, అది కూడా వేస్తే బొమ్మ ఇంకా బాగా ఆడేదిగా అన్నాడు. నవ్వబోయాను, రాలేదు. మంచినీళ్లు తాగి లేచి వచ్చేశాను.

'సాంకేతిక లోపం' అని రేపటి బులెటిన్‌లో ఒక ముక్క చదివిస్తానని మా ఎడిటరు అన్నాడు. ఈ ఉత్తరం మేనేజరుకు ఇవ్వు.

ఇట్లు,
మీ మామయ్య

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టి మళ్లీ తీశాను. పైన రాసినదంతా నిజం, ఒక్క వాక్యం తప్ప. నేను గమనించలేదన్నది అబద్ధం. నీ రెండో ప్రశ్నకు జవాబివ్వకుండానే సంతకం పెట్టాను.

సాఫ్ట్‌వేరు తప్పుడు క్లిప్పు తెచ్చి పెట్టగలదు, కానీ దాన్ని తనంతట తాను పెద్దది చేయదు. ఎరుపు పోయి మీ నాన్న తెర మీదికి రాగానే గుర్తుపట్టాను. వార్తకున్న ఒక్క ఆధారం కార్డుతో పోయింది. బులెటిన్ దగ్గరపడింది. ముఖం చెయ్యి చాటున ఉంది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. బోర్డు అడ్డొచ్చింది. అది పైనుంచి బయటికి పోయేదాకా దృశ్యాన్ని పెంచుకుంటూ పోయాను. అది మీరు అతికించిన బోర్డు కాదమ్మా, నేను కోసేసిన బోర్డు. ఎంత పెంచానన్నది ప్రాజెక్టు ఫైల్లో అంకెతో సహా ఉంది. దాన్ని వంద శాతానికి తగ్గిస్తే బోర్డు మళ్లీ కనిపిస్తుంది.

మీ నాన్న నిన్న నన్ను ఎలా జరిగిందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆయనకూ అబద్ధమే చెప్పేవాణ్ని.

ఇది రాశాక ఎడిటరుకు ఫోను చేసి సాంకేతిక లోపమని చదవొద్దన్నాను. ఆయన, సరే, సోమవారం మధ్యాహ్నం మూడింటికి వచ్చి కలువు, నీ గుర్తింపు కార్డు తీసుకునిరా అన్నాడు.

అంతకుముందు, ఆ ఉదయం పదిన్నరకు, డిపోలో విచారణ. కంప్యూటరు తీసుకుని నేను పదింటికే గేటు దగ్గర ఉంటాను. ఆ అంకె మేనేజరు చేతే తగ్గిస్తాను.