ఆఖరి ముక్క పడ్డాక అందరికీ చాయ్

యాదగిరీ,

ఈరోజు నీ సంవత్సరీకం భోజనం చేసి, మనవాళ్లందరం నాంపల్లి లాడ్జి గదిలో పోకర్‌కి కూర్చున్నాం. నీ కుర్చీలో నీ కొడుకు కూర్చున్నాడు. పందెం మూడుసార్లు పెరిగింది. ఆఖరి ముక్క తెరిచాక వాడు ఉన్నదంతా ముందుకు తోసి, “కాకా, అందరికీ చాయ్ చెప్తున్న, తాగున్రి” అన్నాడు.

చేతిలో ఏమీ లేనప్పుడే నువ్వూ ఇలా చాయ్ చెప్పేవాడివి. పెద్ద పందెంలో చివరికొచ్చేసరికి ముక్కల్ని కాదు, మనిషిని చూడాలని నాకు నేర్పింది నువ్వే. ఇరవై ఏళ్లు నిన్నే చూశాను. నీ చాయ్ సంగతి గదిలో అందరికీ తెలుసు, నీకు తప్ప.

నేనూ అంతే పెట్టి ముక్కలు తిప్పమన్నాను. వాడికి కనీసం జత కూడా పడలేదు.

“నీకెట్ల తెల్సింది కాకా?” అని మెల్లగా అడిగాడు.

“నసీబ్ బిడ్డా” అన్నాను. “ఆదివారం మళ్ల రా.”