వచ్చినవారి సంఖ్య

ఏప్రిల్ 30

రేపు బయలుదేరుతున్నాం. మూడు రోజుల క్యాంపింగ్. దారిలో కోట, పాత లైట్‌హౌస్, రాతివంతెన. ప్రతి ఏడాదీ ఇదే రూటట. పాప వాళ్ళమ్మ మొదలుపెట్టిన అలవాటు. ఆవిడ పోయి రెండేళ్ళు. నేను పెళ్ళై ఈ ఇంటికి వచ్చి ఐదు నెలలు.

పాపకు పదకొండేళ్ళు. నన్ను ఏమని పిలవాలో ఇంకా తేల్చుకోలేదు. 'ఇదిగో'తో నెట్టుకొస్తోంది. టెంట్ సంచి మీద 'ముగ్గురికి' అని ఉంది. ముగ్గురమే కదా, సరిపోతుంది.

మే 1, సాయంత్రం

కోట గేటు దగ్గర రిజిస్టర్ పెట్టారు. పేరు, వచ్చినవారి సంఖ్య, అభిప్రాయం. రాయడం పాప డ్యూటీ. 4 అని రాసింది.

గార్డు మా వెనక్కి చూశాడు. నేనూ చూశాను. మావారు మాత్రం వంగి బూటు లేసు కట్టుకున్నారు. తర్వాత అడిగితే, పోయినేడు ఇద్దరమే వచ్చినా మూడని రాసింది, వాళ్ళమ్మను కలుపుకుని, వదిలెయ్ అన్నారు.

అంటే నాలుగులో నేనున్నాను! భలే సంతోషం వేసింది. ఆవిడా ఉంది. దానికి ఏమనుకోవాలో తెలియలేదు.

మే 2, ఉదయం 6

పొరపాటు నాదే. టెంట్ జిప్ పూర్తిగా వేయలేదు. తెల్లారుజామున వాన. దుప్పట్లు, పాప బూట్లు, అన్నీ తడిసి ముద్ద. పాప బూట్లు బోర్లించి నీళ్ళు వంపుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

మే 2, సాయంత్రం

టెంట్ ఆరేసి లైట్‌హౌస్‌కి వెళ్ళాం. రిజిస్టర్‌లో 3 అని రాసింది.

మే 2, ఇంకో గంటకి

మూడంటే ఎవరు?

బుద్ధున్నవాళ్ళకి ఈ అనుమానం రాదు. ముగ్గురు వెళ్ళారు, మూడని రాసింది. కానీ నిన్న నాలుగు కదా! వాళ్ళమ్మను తీసేసిందా, నన్ను తీసేసిందా? పదమూడేళ్ళుగా ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తున్నాను. అక్కడ ప్రతి అంకె పక్కనా ఒక పేరుంటుంది. ఇక్కడ ఉత్త అంకె. జిప్ గుర్తొచ్చింది. నన్నే తీసేసి ఉంటుంది.

అడగడానికి నోరు రావడం లేదు. ఆయనతో అంటే, లైట్‌హౌస్‌కి రెండువందల పన్నెండు మెట్లు, బ్రిటిష్ వాళ్ళ కాలంలో కట్టారు అన్నారు. డిపోలో మెకానిక్, సెలవుల్లో చరిత్రకారుడు. ఏం అడిగినా చరిత్రే.

పాప తీసేసింది వాళ్ళమ్మనే అయితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఛీ. బాత్‌రూముల వెనక నిలబడి ఏడ్చాను.

మే 3, మధ్యాహ్నం

వంతెన దగ్గర పాప పెన్ను నా చేతిలో పెట్టింది. ఇదిగో, ఈసారి నువ్వు రాయి అంది.

మూడంటే ఎవరికి కోపం, నాలుగంటే ఎవరికి కోపం? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వెనక లైన్లో ఎవరో దగ్గారు. ఇక ఆగలేక అడిగేశాను, నిన్నటి మూడు ఎవరెవరని.

పాప నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. నువ్వే కదా టెంట్ తడిపావు, ఆరేసి వచ్చాం కదా, మళ్ళీ వానొస్తే తీసేదెవరు, అందుకని అమ్మ అక్కడ కాపలా ఉంది అంది.

ఆయన మళ్ళీ లేసు కట్టుకోవడానికి వంగారు. ఈరోజు వేసుకున్నవి చెప్పులు.

మరి ఇవాళ వచ్చిందా అని అడిగాను. టెంట్ కార్లో పెట్టేశాం కదా, ఎందుకు రాదు అంది.

4 అని రాశాను. కాస్త వంకర పోయింది. పాప పెన్ను లాక్కుని అభిప్రాయం గడిలో గబగబా ఏదో రాసి పరిగెత్తింది.

మే 3, ఇల్లు

వంతెన గురించి ఆ గడిలో ఒక్క ముక్క లేదు. నలుగురికి పట్టే టెంట్ కొనాలి అని ఉంది.