పొగ తగలని మూట

రమణి వదినా,

ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. ఎండల్లో విరగబూసిన మల్లెలు ఎప్పుడో అయిపోయాయి. వానల్లో లిల్లీలు కూడా పూసి రాలిపోయాయి. ఇప్పుడు కొండవాలంతా వలిసెపూలతో పసుపు ఆరబోసినట్టుంది. మన పెరట్లో మాత్రం మీ అమ్మ బంతి లేదు.

అత్త ఏటా బంతి విత్తనాలు గుడ్డలో మూటకట్టి పొయ్యి పైన వేలాడదీసేది. పొగకి పురుగు పట్టేది కాదు. ఆమె పోయాక నేనూ అలాగే కట్టాను. వేసవిలో గ్యాస్ రావడంతో పొయ్యి వెలిగించడం మానేశాను. మూట సంగతి తోచనేలేదు. వానలు పడ్డాక విప్పితే అంతా బూజు, పురుగులు. అయినా చల్లాను. ఒక్కటీ మొలవలేదు.

అత్త దినానికి వచ్చినప్పుడు నువ్వు, "గుప్పెడియ్యవే, పెదబయల్లో మా గుమ్మం ముందు సల్లుకుంటాను" అన్నావు.

"అత్త పూలు ఈ ఇంట్లోనే ఉండాల. సూడాలంటే నువ్వే రా వదినా" అన్నాను.

సొంత తల్లి పూలు, నీకే లేవన్నాను. నువ్వు వట్టి చేతులతో జీపెక్కావు.

ఆ రోజు నీకు గుప్పెడు ఇచ్చి ఉంటే, ఈ రోజు నిన్ను గుప్పెడు అడిగేదాన్ని.

నీ మరదలు