స్టేషన్ పైన ల్యాబ్

పెర్త్, ఫిబ్రవరి 2001

మామయ్యకి సెరీనా వందనాలు.

మీ రక్తపరీక్షల ల్యాబ్ బాగా నడుస్తోందా? ఇక్కడ మా యూనివర్సిటీలో అందరి నోటా ఒకటే మాట. ఈ వారం ఐదుగురు కలిసి స్టేషన్‌కి కొత్త ల్యాబ్ పట్టుకెళ్తున్నారు! అందులో చేసే ప్రయోగాల మీద ప్రాజెక్టుకి నేనూ అప్లై చేశాను. ఒక్కరినే తీసుకుంటారట. ప్రార్థన చెయ్యండి.

మీ మేనకోడలు,
సెరీనా

తా.క.: అక్కడ దేనికీ బరువుండదు మామయ్యా!

భీమవరం

చిరంజీవి సెరీనాకి మామయ్య దీవెనలు.

స్టేషన్ దగ్గర ల్యాబా! ఎంత మంచి బుర్రే నీది! రైలు దిగినవాడు దిగినట్టే రక్తమిచ్చి పోతాడు. కానీ సామాను మొయ్యడానికి ఐదుగురెందుకు? నాదంతా ఒక్క రిక్షాలో వచ్చింది. రాజారావు పాస్టరుగారు మందిరంలో నీ ల్యాబ్ కోసం ప్రార్థన చేయించారు.

లాజరస్ మామయ్య

తా.క.: బరువుండదంటే తూకం మిషను పాడయినట్టే. మార్పించు.

పెర్త్

మామయ్యా, వందనాలు.

రైల్వే స్టేషన్ కాదు! అది పైన ఉంటుంది. చాలా పైన. స్పేస్‌లో! గంటన్నరకోసారి భూమిని చుట్టొస్తుంది. నిన్న పెరట్లో బార్బీ దగ్గర, నిప్పుల మీద చికెన్ కాలుస్తూ మీ ఉత్తరం చదివి వినిపిస్తే ఫ్రెండ్సందరూ పడీ పడీ నవ్వారు.

సెరీనా

తా.క.: ప్రాజెక్టు నాకే వచ్చింది!

భీమవరం

చిరంజీవి సెరీనాకి,

స్పేస్ ఉందన్నావు, సంతోషం. కానీ పైన వద్దే అమ్మా. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెట్లెక్కలేరు. లిఫ్టు ఉందా? చుట్టూ తిరిగే వ్యానుంటే మాత్రం మేలే, ఇంటింటికీ వెళ్ళి శాంపిళ్ళు తెచ్చుకోవచ్చు. ఓపెనింగ్‌కి నేనూ మీ అత్తా వస్తున్నాం. వీసాకి పెట్టేశాం. రిబ్బను కొన్నాను.

లాజరస్ మామయ్య

తా.క.: ఆ బార్బీ ఎవరు? మందిరానికి వస్తుందా?

భీమవరం

సెరీనా తల్లీ, ఈసారి రాస్తున్నది అత్తని.

నీ మొదటి ఉత్తరానికే నాకు అర్థమైంది. పేపర్లో ఫొటో కూడా చూశాను. చెప్పలేదెందుకంటావా? పెళ్ళయ్యాక నేనింతగా ఎప్పుడూ నవ్వలేదే! వీసా చేతికొచ్చాక నిన్న సాయంత్రం ఆయన్ని డాబా మీదికి తీసుకెళ్ళి, కదిలిపోతున్న చుక్కని చూపించాను.

"అదుగో, అదే ల్యాబ్. మన పిల్ల చదివేది దాని గురించే."

ఆ చుక్క కనుమరుగయ్యేదాకా మెడ ఎత్తి చూశారు. తర్వాత, "మన సెరీనా అంత పైకి వెళ్ళిందా!" అని కళ్ళు తుడుచుకున్నారు.

ప్రయాణం మాత్రం ఆగదు. టిక్కెట్లు వాపసు తీసుకోరట. ఇంకో మాట, నవ్వకు. ఓపెన్ యూనివర్సిటీలో బి.ఎస్సీ.కి చేరాను. నీ పాత ఫిజిక్స్ పుస్తకాలు తీసి ఉంచు.

ఫస్టియర్ విద్యార్థిని,
మరియరాణి అత్త

తా.క.: మీ మామయ్యే స్కూటర్ మీద క్లాసుకి దింపుతున్నారు. "వెనక బెంచీలో కూర్చోకు" అని గేటు దగ్గర అందరూ వినేలా చెప్పి మరీ వెళ్తున్నారు.