అందరూ విన్న మాట

జూన్ 3, సోమవారం

నిన్న పొద్దున మామూలు ఆదివారమే. మందిరంలో బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఇస్త్రీ చేశాను. మరదలు పిన్నులు పళ్ళ మధ్య పెట్టుకునే తమ్ముణ్ణి కేకలేసింది. తమ్ముడు ఒక సాక్సు తొడుక్కుని, రెండోదాని కోసం మంచం కింద దూరాడు. వాళ్ళ కొడుకు, మా చిన్నోడు, అందరికంటే ముందే తయారై గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు. మందిరంలో మైకులూ స్పీకర్లూ వాడే చూస్తాడు. పెద్దత్తా, నా గొంతు వణికితే నవ్వకు అన్నాడు. కాలరు సరిచేశాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికి ముందు పవిత్రత తప్పినవాళ్ళు అందరి ముందూ ఒప్పుకుంటే క్షమించి మళ్ళీ ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి చేర్చుకుంటాం. దాచుకుని పెళ్ళి చేసుకుంటే దేవుడు మెచ్చడని తమ్ముడు పట్టుబట్టాడు. సంఘపెద్ద కదా. నేనూ ఔనన్నాను.

చిన్నోడు అలవాటుగా మైకు మీద రెండుసార్లు తట్టి, చెక్ అన్నాడు. కొందరు నవ్వారు. తర్వాత చెప్పాడు. గొంతు వణకలేదు. పక్కన ఆ అమ్మాయి, మా పాటల బృందంలో పిల్ల, తల వంచుకుని నిలబడింది. పాస్టరుగారు ఇద్దరి తలల మీదా చేతులుంచారు. నేను హార్మోనియం దగ్గరే ఏడ్చాను. వచ్చే ఏడు పెళ్ళి అనుకున్నాం.

వచ్చే ఏడు ఎందుకంటే, ఆ అమ్మాయికి ఇప్పుడు పదిహేడే.

జూన్ 4

చిన్నోణ్ణి పోలీసులు తీసుకెళ్ళారు. షాపులో సెల్‌ఫోను బాగుచేస్తున్నాడట. లైటు ఆర్పేసి వస్తానన్నాడట.

జూన్ 5

కంప్లయింట్ ఇచ్చింది ఆ అమ్మాయి క్లాస్ టీచరు. మందిరంలో మూడో వరసలో కూర్చుంటుంది. ఆదివారం మాతోపాటు ఏడ్చింది కూడా.

వెళ్ళి అడిగాను. తెలిసీ చెప్పకపోతే నాదీ నేరమే అంది. భయం ఒక్కటే కాదక్కా అంది. బలవంతానికి లోనైన పిల్లలూ నా క్లాసులోనే కూర్చుంటారు, ఈ పిల్ల సంగతి వేరని తీర్పు చెప్పడానికి నేనెవర్ని అంది. కాఫీ ఇచ్చింది. తాగి వచ్చాను.

జూన్ 6

పద్దెనిమిది నిండని పిల్ల ఇష్టపడినా చట్టం దాన్ని ఇష్టం కింద లెక్కకట్టదన్నాడు లాయరు. మీ మందిరంలో క్షమాపణ దొరుకుతుందేమో గానీ కోర్టులో ఆ ఒప్పుకోలే సాక్ష్యమవుతుందన్నాడు.

మరదలు తమ్ముడి మీద విరుచుకుపడింది. నీ పెద్దరికం నా కొడుకు మెడకు చుట్టుకుంది, అదీ వాడి చేతే మైకు పట్టించి చెప్పించావు కదయ్యా అంది.

ఆ అమ్మాయిని కలవనివ్వడం లేదు. ఆదివారం కూడా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

జూన్ 7

మోకరించాను. ప్రభువా అన్నాక మాట రాలేదు.

జూన్ 8

అమ్మాయి స్టేషన్లో నోరు విప్పలేదట. ఇక కేసు నిలిచేది ఆరోజు విన్నవాళ్ళ మీదేనట. మైకు సరిగా పనిచేయలేదు, వాడేం చెప్పాడో తెలియలేదు అని నమ్మదగ్గవాళ్ళెవరైనా చెబితే చాలునన్నాడు లాయరు. పాస్టరుగారికి ఉన్నట్టుండి జ్వరం వచ్చింది.

జూన్ 9, సాయంత్రం

అందరూ కూర్చుని నిర్ణయించారు. రేపు పోలీసులొస్తే, నాకు వినపడలేదని నేను చెప్పాలట.

అక్క అబద్ధం ఆడదని ఊళ్ళో అందరికీ తెలుసు కనుక.