గిడ్డంగి తలుపు

అన్నయ్యకు,

నువ్వు దగ్గరుండి చేయించిన గిడ్డంగి తలుపు ఊడదీయించాను. కోప్పడకు.

యుద్ధానికి భయపడి ఊరొదిలి వచ్చిన ముసలమ్మకూ, ఆమె కోడలికీ, మనవడికీ అందులో చోటిచ్చాం. దొంగల భయం లేకుండా పడుకుంటారని నేనే బయట గడియ పెట్టాను. ఆ రాత్రి ముసలమ్మ కేకలకు వీధంతా పోగయింది. బాంబులు పడ్డప్పుడు వాళ్లు నేలమాళిగలో చిక్కుకుపోయారట. ఆ తలుపు ఉన్నంతవరకూ లోపలికి రానని చలిలో అరుగు మీదే కూర్చుంది. మనవడూ ఆమెను వదల్లేదు. వాడికి దగ్గు పట్టుకుంది. అందుకే వడ్రంగిని పిలిచాను.

"మీ అన్న నా తాట తీస్తే నీదే పూచీ, చెల్లెమ్మా" అంటూనే పీకాడు.

గుమ్మానికి గోనెపట్టా కట్టాం. ఇప్పుడు అందరూ లోపలే పడుకుంటున్నారు. కోతలయ్యాక నీ ధాన్యం మా ముందుగదిలో వేయించు, వాళ్లను మాత్రం కదపను. ముసలమ్మ గురక మా ఇంటిదాకా వినిపిస్తోంది. మీ బావ విసుక్కుంటున్నారు. నేను వింటూ నిద్రపోతున్నాను.

నీ చెల్లెలు