ఒకటో రకం రూటర్

బావకు,

నేను రూటర్ కొంటానంటే ఫోనులో నవ్వావు కదా, అందుకే ఈ ఉత్తరం. ఫోనులో అయితే మధ్యలో అడ్డుపడతావు. నా కోడిగీతలు ఓర్చుకుని చదువు.

ఇంటినుంచే పనిచేసే కోడలికి వెనక గదిలో నెట్టు తెగిపోతోంది, బాగుచేసుకోకపోతే ఉద్యోగం మానుకోమన్నారు ఆఫీసువాళ్లు. సోమవారందాకే గడువు. తనేమో కాలు విరిగి ఆ గదిలోనే మంచం మీద ఉంది, అందుకే షాపుకు నేనే వెళ్లాను. "మావయ్యా, కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, ఊరికే దొరికే మంచిది నేను ఎక్కిస్తాను. పాత రూటర్‌నీ కొత్తదాన్నీ అదే కలిపి నెట్టును వెనక గదిదాకా తెస్తుంది. కానీ ఒకటో రకానికే ఎక్కుతుంది. అడుగున అంకె చూడండి" అంది.

షాపువాడు "రెండు రకాలూ ఒకటే పెద్దాయనా" అన్నాడు. పళ్లు చూడకుండా ఎద్దును కొనే వంశమా మనది? పెట్టెలన్నీ విప్పించి బోర్లించాను. అన్నిటి అడుగునా రెండో అంకే. చివరికి అద్దాల బీరువాలో చూపుకు పెట్టిన దుమ్ముపట్టినదాన్ని తిరగేస్తే, ఒకటి! "అది అమ్మేది కాదు" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇచ్చేదాకా లేవలేదు.

కోడలు సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే రూటర్ మీది దీపాలన్నీ ఆరిపోయాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో ఒక్కొక్కటే వెలిగాయి.

ఈ సోమవారం పొద్దున వెనక గదిలోంచే ఆఫీసువాళ్లతో మాట్లాడింది. ఉద్యోగం నిలిచింది బావా! నేను గుమ్మంలోంచి "ఎలా వస్తోందమ్మా?" అని కేకేస్తే, "ష్! మావయ్యా, మీ గొంతు మా ఆఫీసు మొత్తానికీ వినిపిస్తోంది, కాసేపు ఊరుకోండి" అంది.

ఈ ఇంట్లో నన్ను ఊరుకోమన్నవాళ్లు ఇంతవరకు లేరు. ఊరుకున్నాను, మీసం మెలేసుకుంటూ.

నీ బావమరిది